పుకార్లకు పల్లెలు కట్టే సుంకం
ఉప్పు నుంచి కోడి దాకా - నష్టపోయింది చిన్నవారే

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు: వడగళ్లు పడితే అధికారులు వచ్చి పంట నష్టం రాసుకుంటారు. కరువు వస్తే మండలాల జాబితా తయారవుతుంది. ఇల్లు కాలితే పంచనామా జరుగుతుంది. కానీ ఒక పుకారు వల్ల ఊరికి ఎన్ని రూపాయల నష్టం వచ్చిందో రాసే రిజిస్టరు మాత్రం ఏ కార్యాలయంలోనూ లేదు. అలాగని నష్టం లేదనుకుంటే పొరపాటు. 2016 నుంచి 2020 వరకు నాలుగేళ్ల కాలంలోనే ఉప్పు దొరకదని ఒకసారి, పది రూపాయల బిళ్ల చెల్లదని ఒకసారి, బ్యాంకులో డబ్బు మునిగిపోతుందని ఒకసారి, పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని ఒకసారి, కోడికూర తింటే కరోనా వస్తుందని ఇంకొకసారి వదంతులు లేచాయి. ప్రతిసారీ జనం డబ్బు పోగొట్టుకున్నారు. కొన్నిచోట్ల ప్రాణాలు కూడా పోయాయి.

పుకారు ఊరికే పుట్టదు. మంచి రోజుల్లో ఎవరైనా వచ్చి ఉప్పు దొరకదంటే నవ్వి ఊరుకుంటారు. కష్టకాలంలో అదే మాట చెబితే సంచి తీసుకుని కిరాణం కొట్టుకు పరుగెత్తుతారు. రోగం, నోట్ల కొరత, కరువు, దొంగల భయం వంటివి వచ్చినప్పుడు మనిషికి ముందు తెలియవలసింది నిజం. అది ఆలస్యంగా వస్తుంది. ఆ సందులో అబద్ధం దూరుతుంది.

మంచాలు లోపలికి పోయిన వేసవి

పాలమూరు పల్లెల్లో ఎండాకాలం వచ్చిందంటే ఆరుబయట మంచాలు వేసుకుని పడుకోవడం పరిపాటి. 2018 వేసవిలో జోగుళాంబ గద్వాల, వనపర్తి జిల్లాల పల్లెల్లో ఈ అలవాటు ఒక్కసారిగా మారిపోయింది. చీకటి పడకముందే జనం ఇళ్లలోకి వెళ్లి తలుపులు బిగించుకోవడం గ్రామాలకు వెళ్లిన పోలీసు కానిస్టేబుళ్ల కంట పడింది. ఆరా తీస్తే సంగతి బయటపడింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు, పార్ధీ దొంగలు జిల్లాలోకి వచ్చారంటూ సెల్‌ఫోన్లలో వాట్సాప్ సందేశాలు తిరుగుతున్నాయి. వాటితోపాటు ఒళ్లు గగుర్పొడిచే వీడియోలు కూడా వచ్చాయి. అవి ఈ ప్రాంతానివి కావు. ఎక్కడివో, ఎప్పటివో అయిన దృశ్యాలకు ఇక్కడి ఊళ్ల పేర్లు తగిలించి పంపారు. చదువు రానివారికి రాత కన్నా బొమ్మ మీద నమ్మకం ఎక్కువ. కళ్లతో చూశాం కదా అనుకున్నారు.

భయం ఇంటి తలుపు దగ్గరే ఆగదు. పల్లె బతుకు సగం ఊరిబయట, సగం కొత్తవారితో నడుస్తుంది. దుప్పట్లు అమ్మేవారు, పాత ఇనుము కొనేవారు, స్టీలు సామాను మోసుకొచ్చేవారు, చిలక జోస్యం చెప్పేవారు, బుడగ జంగాలు, గంగిరెద్దుల వారు వీధిలోకి వస్తేనే వారి పొయ్యి వెలుగుతుంది. ముఖం తెలియని మనిషిని ఊరు దొంగగా చూడడం మొదలుపెట్టిననాడు ముందుగా పస్తు పడుకునేది వీరే. ఆ తర్వాతి వంతు ఊరివారిదే. పిల్లలను ఇంట్లో వదిలి కూలికి పోవడానికి తల్లి వెనుకాడుతుంది. కోతకు, కలుపుకు పక్క ఊరి నుంచి కూలీలు రావడానికి జంకుతారు. ఒక రోజు కూలి పోతే పేద ఇంట్లో ఆ రోజు కూర ఉండదు.

పాలమూరు వారు మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఈ జిల్లాల నుంచి తరతరాలుగా వలస పోయినవారు వేలకు వేలు. హైదరాబాద్, ముంబయి, పుణె వంటి చోట్ల కట్టడాల పనుల్లో పాలమూరు లేబర్ పేరు తెలియనివారు లేరు. గొర్రెల మందలను తోలుకుని కృష్ణ ఒడ్డుకు, నల్లమలకు, అవతలి జిల్లాలకు పోయే కాపరులూ ఉన్నారు. అక్కడ వీరే పరాయివారు, ముఖం తెలియని మనుషులు. ఇక్కడి ఊరు కొత్తవారిని చూసి రాయి ఎత్తితే, రేపు ఇంకో రాష్ట్రంలో పాలమూరు బిడ్డను చూసి మరొకరు రాయి ఎత్తుతారు.

ఇది ఉత్త ఊహ కాదు. అదే ఏడాది మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఇదే అనుమానంతో గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని కొట్టి చంపింది. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడాలో భిక్షాటనకు వచ్చిన సంచార కులానికి చెందిన ఐదుగురిని అంగడి రోజున జనం కొట్టి చంపారు. అదే నెలలో తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉన్న బీదర్ జిల్లాలో, హైదరాబాద్ నుంచి వెళ్లిన ఒక యువ ఇంజనీరును పొట్టన పెట్టుకున్నారు. ఆ బృందం చేసిన నేరమల్లా దారిలో కనిపించిన పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడమే.

డప్పుతో అబద్ధానికి జవాబు

గద్వాల, వనపర్తి జిల్లాల్లో ఆ వేసవిలో అటువంటి దారుణం జరగకపోవడం గమనార్హం. అప్పుడు ఈ రెండు జిల్లాల పోలీసు బాధ్యత చూసిన ఎస్పీ రెమా రాజేశ్వరి సెల్‌ఫోన్‌లో వచ్చిన అబద్ధానికి కేవలం సెల్‌ఫోన్‌లోనే జవాబు ఇవ్వాలనుకోలేదు. ఊరికొక పోలీసును అప్పగించారు. ఆ కానిస్టేబుల్ వారం వారం వెళ్లి ఊరివారితో కూర్చుని మాట్లాడవలసి ఉండేది. అతని నంబరు ఊరికంతా తెలుసు. ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పోలీసులు కూడా చేరారు. డప్పు చాటింపు వేయించారు. జానపద కళాకారుల చేత పాటలు కట్టించి సుమారు 400 గ్రామాల్లో ప్రచారం చేశారు. సర్పంచులను, పెద్దమనుషులను కలుపుకున్నారు. దేశ విదేశాల పత్రికలు ఈ ప్రయత్నాన్ని రాశాయి.

ఇందులో గ్రహించవలసిన కిటుకు ఒకటి ఉన్నది. పుకారును నమ్మినవారు మూర్ఖులని ఎవరూ తిట్టలేదు. అడగడానికి ఒక మనిషిని, పిలవడానికి ఒక నంబరును చూపించారు. అనుమానం వచ్చినప్పుడు అడిగే చోటు ఉంటే చేయి రాయి మీదికి పోదు. జనం తెలియనితనం కన్నా, అడిగే దిక్కు లేకపోవడమే పుకారుకు ఎక్కువ బలం.

ఆ తర్వాత 2018 జూలైలో వాట్సాప్ కంపెనీ కూడా భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదుగురికి మించి పంపకుండా కట్టడి పెట్టింది. ఇతరులు పంపింది తిరిగి పంపితే ఆ సంగతి తెలిసేలా గుర్తు పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలా చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కరికే పంపేలా ఇంకా బిగించింది.

కోడి మీద నింద - మక్క రైతుకు దెబ్బ

2020 ఫిబ్రవరిలో కరోనా భయం దేశంలో మొదలైంది. అప్పటికి మన పల్లెల్లోకి రోగం రాలేదు గానీ పుకారు వచ్చింది. కోడి తింటే కరోనా వస్తుందన్న సందేశం ఊరూరా తిరిగింది. కోళ్ల ద్వారా ఈ రోగం మనుషులకు వస్తుందనడానికి ఆధారం లేదని కేంద్ర పశుసంవర్ధక శాఖ ఫిబ్రవరిలోనే తెలిపింది. వినేవారు తక్కువైనారు. ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో జరిగిన కోడి, గుడ్ల మేళాలో మంత్రులు కె.టి.రామారావు, ఈటల రాజేందర్, తలసాని శ్రీనివాస్ యాదవ్ వేదిక మీదనే కోడికూర తిని చూపించారు. అయినా మార్చిలో ధరలు నేలకంటాయి. మరోపక్క వేటమాంసానికి గిరాకీ పెరిగి ధర చుక్కలనంటింది.

ఈ నష్టం ఎవరి ఇంటికి చేరిందో చూడాలి. బ్రాయిలర్ కోడి సుమారు నలభై రోజుల్లో అమ్మకానికి వస్తుంది. ఆ తర్వాత దానిని షెడ్డులో ఉంచితే ప్రతి రోజూ దాణా ఖర్చు పెరుగుతుందే తప్ప లాభం పెరగదు. బంగారం మాదిరి బీరువాలో పెట్టి మంచి ధర కోసం కాచుకునే సరుకు కాదది. అప్పు చేసి షెడ్డు వేసుకున్న రైతుకు కోడి పోకపోతే కొత్త పిల్లలు రావు. పిల్లలు రాకపోతే బ్యాంకు వాయిదా ఆగిపోతుంది.

అంతటితో ఆగలేదు. కోళ్ల దాణాలో సగానికి పైగా ఉండేది మక్కలే. నాగర్‌కర్నూలు జిల్లాలో మక్క పండించే రైతులు చాలామంది. కోళ్లు తగ్గితే దాణా తగ్గుతుంది. దాణా తగ్గితే మార్కెట్ యార్డులో మక్కలు అడిగేవారు తగ్గుతారు. 2019-20కి మక్కకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 1,760 రూపాయలు. ఆ యాసంగి పంట చేతికి వచ్చే నాటికి బయటి మార్కెట్‌లో ధర మద్దతు ధర కన్నా కిందికి దిగింది. లాక్‌డౌన్ కూడా తోడైంది. చివరికి రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా మద్దతు ధరకు మక్కలు కొనవలసి వచ్చింది. కోడికూర అసలే ముట్టని మక్క రైతు కూడా కోడి మీద పడ్డ నింద వల్ల దెబ్బతిన్నాడు. పుకారు పంపిన మనిషికి ఈ లంకె తెలియదు. వేలితో ఒక నొక్కు నొక్కి ఊరుకున్నాడు.

ఆ తర్వాత కోడి, గుడ్లు తింటే బలమని ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు చెప్పారు. జనం మళ్లీ కొనడం మొదలుపెట్టారు. కానీ అప్పటికే చాలా షెడ్లు ఖాళీ అయి ఉన్నాయి. కోళ్లు తక్కువ, కొనేవారు ఎక్కువ కావడంతో ధర ఎగబాకింది. నెల కిందట అగ్గువకు అమ్ముకున్న రైతుకు ఈ పెరిగిన ధర అందలేదు. తినేవాడు మాత్రం ఎక్కువ పెట్టి కొన్నాడు. ఒకే పుకారు అమ్మినవాడినీ, కొన్నవాడినీ రెండు వైపులా ముంచింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. 2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో బర్డ్ ఫ్లూ నిజంగానే వచ్చింది. కోళ్లకు రోగం రావడం నిజమైనప్పుడు జాగ్రత్త పడడం తప్పు కాదు. చచ్చిన కోడిని తాకకపోవడం, కాలువలో పారేయకపోవడం, వెంటనే పశువైద్యునికి చెప్పడం అవసరం. కానీ 70 డిగ్రీలకు పైగా బాగా ఉడికించిన మాంసంలో ఆ వైరస్ బతకదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన ఇళ్లలో కూర ఉడికే వేడి అంతకన్నా ఎక్కువే. నిజమైన హెచ్చరిక ఏం చేయాలో చెబుతుంది. పుకారు భయపెట్టి వదిలేస్తుంది.

ఉప్పు కోసం ఉరుకులు

2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయ్యాయి. చలామణిలో ఉన్న డబ్బు విలువలో 86 శాతం ఈ నోట్లదే. జనం బ్యాంకుల ముందు బారులు తీరి ఉండగానే, మూడు రోజులు తిరగకుండా, ఉప్పు దొరకదన్న వదంతి ఉత్తరప్రదేశ్, ఢిల్లీల్లో లేచి హైదరాబాద్ దాకా పాకింది. ఉత్తరాదిన కొన్నిచోట్ల కిలో ఉప్పు 200 రూపాయల పైన అమ్మారు. ఉప్పుకు కొరత లేదని కేంద్ర మంత్రి రాంవిలాస్ పాశ్వాన్ ప్రకటించవలసి వచ్చింది.

నిజానికి మన దేశంలో ఏటా పండే ఉప్పు 2 కోట్ల టన్నులకు పైమాటే. అందులో నాలుగింట మూడు వంతులు ఒక్క గుజరాత్‌లోనే పండుతుంది. జనం తినేది పండిన దానిలో కొంత భాగం మాత్రమే. మిగిలింది కర్మాగారాలకు, ఎగుమతికి పోతుంది. ఇంత ఉప్పు రాత్రికి రాత్రి మాయం కావడం కల్ల. కానీ ఒక వీధిలోని కొట్టులో ఉండేది పది ఇరవై కిలోలే. నెలకు కిలో కొనే ఇల్లాలు అయిదు కిలోలు కొంటే ఆ కొట్టు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ఖాళీ కొట్టును చూసినవాడికి పుకారు నిజమనిపిస్తుంది. అబద్ధం తనకు తానే సాక్ష్యం పుట్టించుకున్నది.

ఈ వెర్రి మన దేశానికే పరిమితం కాదు. 2011 మార్చిలో జపాన్‌లో సునామీ వచ్చి ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం దెబ్బతిన్నప్పుడు, అయోడిన్ ఉప్పు తింటే రేడియేషన్ సోకదన్న పుకారుతో చైనాలో జనం ఉప్పు కోసం ఎగబడ్డారు. కొద్ది రోజులకే కొన్న ఉప్పు తిరిగి ఇచ్చేస్తామని కొట్ల ముందు నిలబడ్డారు.

బిళ్లకు గీతలెన్ని?

పది రూపాయల బిళ్ల కథ ఇంకా విచిత్రం. దాని మీద పది గీతలుంటే మంచిది, పదిహేనుంటే దొంగది అని ఒకరు, రూపాయి గుర్తు లేకపోతే చెల్లదని మరొకరు ప్రచారం చేశారు. రూపాయి గుర్తును ప్రభుత్వం ఆమోదించింది 2010 జూలైలో. అంతకు ముందు వేసిన బిళ్లల మీద ఆ గుర్తు ఎలా ఉంటుంది? రిజర్వు బ్యాంకు 2016 నవంబరులో ఒకసారి, 2018 జనవరి 17న మరొకసారి ప్రకటన చేసి, అప్పటి వరకు విడుదలైన 14 రకాల పది రూపాయల బిళ్లలూ చెల్లుతాయని స్పష్టం చేసింది. అయినా చాలా ఊళ్లలో దుకాణదారులు, బస్సు ప్రయాణికులు ఆ బిళ్ల పుచ్చుకోవడానికి మొరాయించారు.

దీని వల్ల బాధ పడింది ఎవరు? పెద్ద వ్యాపారి ఫోన్ ద్వారా డబ్బు పుచ్చుకుంటాడు. కూరగాయల గంప ముందు కూర్చున్న అవ్వ దగ్గర రోజంతా పోగయ్యేది చిల్లరే. ఆ చిల్లర ఎవరూ తీసుకోకపోతే ఆమె కష్టార్జితం కొంగులో ఉండి కూడా లేనట్లే. 2011 నాటి నాణేల చట్టం ప్రకారం రూపాయి, అంతకు పైబడిన బిళ్లలు ఒక లావాదేవీలో వెయ్యి రూపాయల మేరకు చట్టబద్ధంగా చెల్లుతాయి. బ్యాంకులు కూడా బిళ్లలు తీసుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశాలున్నాయి.

బ్యాంకు డబ్బు భద్రమేనా?

కొన్ని పుకార్లలో పిడికెడు నిజం ఉంటుంది. అవి మరింత ప్రమాదకరం. 2017 ఆగస్టులో కేంద్రం లోక్‌సభలో ఎఫ్.ఆర్.డి.ఐ. బిల్లు ప్రవేశపెట్టింది. మునిగిపోయే స్థితికి వచ్చిన బ్యాంకును నిలబెట్టడానికి దాని బాకీలను సర్దుబాటు చేసే నిబంధన అందులో ఉన్నది. దాని మీద సందేహాలు లేవనెత్తడంలో తప్పు లేదు. కానీ సెల్‌ఫోన్లలోకి వచ్చేసరికి అది మారిపోయింది. బ్యాంకులో వేసిన డబ్బంతా సర్కారు తీసుకుంటుందన్న మాట అయింది. అది అప్పటికి బిల్లు మాత్రమే, చట్టం కాదన్న సంగతి మరుగున పడింది.

2018 ఏప్రిల్ నాటికి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లతో సహా పలు రాష్ట్రాల్లో ఏటీఎంలు ఖాళీ అయ్యాయి. ఈ భయంతో జనం డబ్బు తీసి ఇళ్లలో దాచుకోవడం కూడా ఒక కారణమని అప్పట్లో చాలామంది భావించారు. అదొక్కటే కారణం కాదు. ఏమైనా, ఇబ్బంది పడింది వానాకాలం పెట్టుబడికి నగదు కావలసిన రైతులు. మే 10న ఎకరాకు 4,000 రూపాయల చొప్పున రైతుబంధు చెక్కుల పంపిణీ మొదలయ్యే ముందు, బ్యాంకుల్లో నగదు ఉంటుందా అన్నదే ఊళ్లలో చర్చ. చివరకు ఆ బిల్లును కేంద్రం 2018 ఆగస్టులో ఉపసంహరించుకున్నది. డిపాజిట్లకు ఉన్న బీమా లక్ష రూపాయల నుంచి 2020 ఫిబ్రవరి 4 నుంచి 5 లక్షలకు పెరిగింది. అంటే బ్యాంకు మూతపడినా ఒక్కొక్క ఖాతాదారుకు, ఒక్కొక్క బ్యాంకులో, అసలు వడ్డీ కలిపి 5 లక్షల దాకా బీమా ఉంటుంది. బీమా లేని ప్రైవేటు చిట్టీల్లో, అధిక వడ్డీ ఆశ చూపే కంపెనీల్లో ఈ రక్షణ లేదు. బ్యాంకు మీద భయంతో డబ్బు అక్కడికి చేర్చడం పెనం మీది నుంచి పొయ్యిలో పడడమే.

ఉత్త మాటే బ్యాంకును కదిలించగలదనడానికి జపాన్‌లో 1973 డిసెంబరులో జరిగిన ఉదంతం చాలు. టొయోకావా అనే ఊరిలోని సహకార బ్యాంకులో ఉద్యోగం రాబోతున్న ఒక విద్యార్థినిని రైలులో తోటి పిల్లలు ఆట పట్టించారు. బ్యాంకు ఉద్యోగం ప్రమాదం అన్నారు. వారి ఉద్దేశం దొంగలు పడతారని. ఆ మాట ఇంటికి, ఇంటి నుంచి చుట్టాలకు, మంగలి దుకాణానికి చేరేసరికి బ్యాంకే ప్రమాదంలో ఉన్నదని మారింది. వారం తిరగకముందే జనం డబ్బు తీసుకోవడానికి ఎగబడ్డారు. నోట్ల కట్టలు అందరికీ కనబడేలా పేర్చి పెట్టి, జపాన్ కేంద్ర బ్యాంకు కూడా భరోసా ఇచ్చిన తర్వాత గానీ అలజడి చల్లారలేదు. అప్పుడు సెల్‌ఫోన్లు లేవు. మనుషుల నోళ్లే చాలినవి.

లాభం ఎవరికి?

ప్రతి పుకారులోనూ ఒక తీరు కనబడుతున్నది. ఆగలేనివాడు నష్టపోతాడు, ఆగగలిగినవాడు బాగుపడతాడు. కోళ్లు ఉంచుకోలేని రైతు అగ్గువకు అమ్ముతాడు. రోజు కూలికి బతికేవాడు ఉప్పును పది రెట్లు పెట్టి కొంటాడు. సరుకు నిల్వ ఉన్నవాడు, చేతిలో నగదు ఉన్నవాడు ఈ సందులో సొమ్ము చేసుకుంటాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినట్లు ఇది. అందుచేత భయపెట్టే మాట చెవిన పడినప్పుడు, ఈ మాట నేను నమ్మితే ఎవరికి లాభం అని ఒకసారి ఆలోచించుకోవడం మంచిది.

నిప్పు లేనిదే పొగ రాదని పెద్దలు అంటారు. సెల్‌ఫోన్‌లో మాత్రం నిప్పు లేకుండానే పొగ వస్తున్నది. పంట గురించైతే రైతులు మండల వ్యవసాయాధికారిని గానీ, కిసాన్ కాల్ సెంటర్‌ను 1800-180-1551 నంబరులో గానీ ఉచితంగా అడగవచ్చు. కోళ్లకు, పశువులకు రోగమంటే పశువైద్యుడు ఉన్నాడు. దొంగలంటే పోలీసులకు 100 లేక 112 నంబరుకు ఫోన్ చేయాలి. డబ్బు గురించైతే బ్యాంకు మేనేజరునే అడగాలి. అమ్మకమైనా, కొనుగోలైనా ఒక్క రోజు ఆగి అడిగి చేస్తే పోయేది తక్కువ. గ్రామసభల్లో, మహిళా సంఘాల సమావేశాల్లో ఈ నంబర్లు చదివి వినిపించడం, పంచాయతీ గోడ మీద రాయించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. తదుపరి కష్టకాలం వచ్చేలోగా సర్పంచులు, కార్యదర్శులు ఆ పని చేయించవలసి ఉన్నది.